చిల్లకల్లు దాటాక

జయమణికి ఏడో నెల నిండకముందే నొప్పులొచ్చాయి. మాఘమాసం, చలి ఇంకా వదల్లేదు. మిరపకాయల కోతకు బయల్దేరబోతూ తలగుడ్డ చుట్టుకుంటున్న ఆదెమ్మకు తడిక అవతలినుంచి మూలుగు వినబడింది. విని కూడా ఆమె కాసేపు కదల్లేదు. ఆ ఇద్దరికీ మాటల్లేక చాలా కాలమైంది.

ఆదెమ్మ ఆ ఇంటికి పెద్దకోడలు, జయమణి చిన్నకోడలు. జగ్గయ్యపేట నుంచి వేదాద్రి పోయే దారిలో ఒక ఊరు, ఆ ఊరి చివర క్రైస్తవపేట, పేటలో వాళ్ళ పూరిల్లు. ఇల్లొకటే అయినా మధ్యలో తాటాకు తడిక అడ్డం కట్టి చెరో పొయ్యి పెట్టుకున్నారు. ఆదెమ్మ మొగుడు పుల్లయ్య సాగర్ డ్యాము పనికి పోయి ఎప్పుడో గాని రాడు. అతని తమ్ముడు బాలస్వామి పక్క ఊళ్ళో మిషను బడికి పంతులు. బాలస్వామి భార్య జయమణి బెజవాడ సిస్టర్ల బోర్డింగులో ఎనిమిదో తరగతి దాకా చదువుకుని వచ్చిన పిల్ల. శుభ్రం ఎక్కువ. వానాకాలంలో ఆదెమ్మ కొడుక్కి ఒళ్ళంతా గజ్జి లేస్తే, బావి దగ్గర పదిమంది ఆడవాళ్ళు నీళ్ళు చేదుకుంటుండగా, "పిల్లాణ్ణి నా మంచమ్మీద కూచోబెట్టకక్కా, మాకంటుకుంటది" అన్నది. తప్పు మాటేం కాదు. కాని అన్న చోటు అది కాదు. ఆ పూట నుంచి ఆదెమ్మ జయమణితో నేరుగా మాట్లాడటం మానేసింది. చెప్పవలసిందేమన్నా ఉంటే అత్తతో చెప్పినట్టు చెప్పేది, లేకపోతే కోడిని అదిలించినట్టు అదిలించేది. జయమణికీ పట్టుదల తక్కువేం కాదు. కడుపుతో ఉన్నానని కూడా తనంతట తాను చెప్పలేదు.

మూలుగు కేకయింది. అత్త ఆరోగ్యమ్మ ముందు మంత్రసాని పుల్లమ్మ కోసం పరిగెత్తింది. ఆదెమ్మ తలగుడ్డ విప్పి పక్కన పారేసి తడిక పక్కనుంచి లోపలికి పోయింది.

ఆడపిల్ల పుట్టింది. పిల్లికూన అరిచినట్టు సన్నగా ఏడ్చింది. బొడ్డు కోసి పాతచీర ముక్కలో చుట్టి జయమణి చేతిలో పెట్టిన పుల్లమ్మ, మాయ కోసం కడుపు మీద చెయ్యేసి చూసి ఆగిపోయింది.

"ఇంకోటి ఉంది" అన్నది.

రెండోది కూడా ఆడపిల్లే. ఇది ఏడవలేదు. పుల్లమ్మ కాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తి వీపు మీద తడితే ఒక్క మూలుగు మూలిగింది. ఇద్దరూ అరచేతిలో పట్టేంత ఉన్నారు. చర్మం పల్చగా, ఎర్రగా, కింద నరాలు కనబడుతున్నాయి. చెవులు మెత్తగా మడతపడి ఉన్నాయి.

"ఏడో నెల పిల్లలు దక్కుతారు, ఎనిమిదో నెలైతేనే దక్కరు" అన్నది పుల్లమ్మ. ధైర్యం చెప్పటానికి అన్నదే గాని, ఆమె కళ్ళు పిల్లల రొమ్ముల మీదనే ఉన్నాయి. ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కటెముకల కింద గుంటలు పడుతున్నాయి. ఊపిరి వదిలినప్పుడల్లా బరువు మోసే మనిషి మూలిగినట్టు మూలుగుతున్నారు. కాసేపు గబగబా పీల్చి, ఉన్నట్టుండి ఆపేస్తున్నారు. ఆపినంతసేపూ ఇంట్లో ఉన్న వాళ్ళందరూ తమ ఊపిరి ఆపేస్తున్నారు.

జయమణి చేతుల్లో పెద్దది ఉంది. చిన్నది చాప మీద గుడ్డలో ఉంది. దాని మూతి నీలంగా మారటం ముందు ఆదెమ్మే చూసింది.

"ఇటియ్యి దాన్ని" అన్నది పుల్లమ్మతో. ఇచ్చేదాకా ఆగలేదు, తనే వంగి ఎత్తుకుంది. మంచుగడ్డలా ఉంది. రవిక ముడి విప్పి, గుడ్డ తీసేసి, పిల్లను బోర్లా తన రొమ్ముల మధ్య పెట్టుకుని పైట చుట్టూ బిగించింది. ఆమెకు ఇంకా పాలున్నాయి. రెండేళ్ళ కొడుకు మానలేదు. వేడికి కాబోలు పిల్ల ఒకసారి ఒళ్ళు విరుచుకుని మళ్ళీ ఊపిరి తీసుకుంది.

బాలస్వామి సైకిలు మీద రొప్పుతూ వచ్చాడు. గుమ్మంలో నిలబడి ఇద్దరు పిల్లలని విని, నవ్వాలో ఏడవాలో తెలియని మొహం పెట్టాడు.

"నిలబడి చూస్తావేంది బాలసామీ, బండి కట్టించు. జగ్గయ్యపేట పోదాం" అన్నది ఆదెమ్మ.

"పచ్చి బాలింతని, రోజు దాటని పిల్లల్ని చలిగాలికి తీసుకుపోతారా" అన్నది ఆరోగ్యమ్మ.

"ఇంట్లో పెట్టుకుని ఏం చేద్దామత్తా? చూస్తా కూర్చుందామా?"

అత్త వంగి, ఆదెమ్మ కొడుకుని చంకనేసుకుని అవతలికి పోయింది.

బండిలో గడ్డి పరిచి, పైన దుప్పటి వేసి, జయమణిని పడుకోబెట్టబోయారు. ఆమె పడుకోలేదు. ఆదెమ్మని చూసి ఆమె కూడా రవిక విప్పి పెద్దదాన్ని ఒంటికి హత్తుకుని కూర్చుంది. దారంతా గతుకులు. బండి కుదిపినప్పుడల్లా ఇద్దరూ ఒక్కసారే పైట తీసి లోపలికి చూసుకున్నారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

పేటలో కుటుంబరావు డాక్టరు గారి దగ్గరికి తీసుకుపోయాడు బాలస్వామి. పెద్దాయన. రోగుల్ని పక్కకి జరిపి వీళ్ళను లోపలికి పిలిచాడు. స్టెతస్కోపు బిళ్ళ పిల్ల రొమ్మంత ఉంది. ఇద్దరి రొమ్ములూ విన్నాడు, గోళ్ళు చూశాడు, లేచి కిటికీ తలుపు వేశాడు.

"ఊపిరితిత్తులు ఇంకా పచ్చివమ్మా. విచ్చుకున్నట్టే విచ్చుకుని మళ్ళీ అతుక్కుంటున్నాయి. ఆక్సిజను పెట్టాలి, వేడి ఉండాలి. నా దగ్గర ఆ రెండూ లేవు. నందిగామలో ప్రసూనాంబ గారి నర్సింగ్ హోములో సిలిండరు ఉంది. ఇప్పుడే బయల్దేరండి" అన్నాడు. వాళ్ళు లేవబోతుంటే ఆపాడు. "దారిలో ఊపిరి ఆపేస్తారు. ఇంత చిన్నపిల్లలు ఊపిరి తీసుకోవటం మరిచిపోతారు. మనం గుర్తు చెయ్యాలి. ఇదిగో, అరికాలి మీద ఇలా వేలితో కొట్టండి. వీపు రుద్దండి. ఒక్క క్షణం కూడా చూపు తిప్పుకోవద్దు."

"ఇద్దరూ బతుకుతారా అండి?" అని అడిగాడు బాలస్వామి.

"ముందు బస్సెక్కండి నాయనా" అన్నాడు ఆయన.

బజారు చివర బెజవాడ పోయే లారీ ఆగి ఉంటే బాలస్వామి బతిమాలి ఒప్పించాడు. తీరా దగ్గరికి వెళ్తే మిరపకాయ లోడు. ఘాటుకి జయమణికే దగ్గొచ్చింది. ఆదెమ్మ పైట ముక్కు మీదికి లాక్కుని వెనక్కి తిరిగింది. ఆ ఘాటు పచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకేముంది? బస్సు వచ్చేదాకా ఆగవలసి వచ్చింది. ఆగినంతసేపూ ఒక బట్టల కొట్టు అరుగు మీద, ఎండ పడేవైపు వీపు పెట్టుకుని కూర్చుని, ఇద్దరూ వేళ్ళతో అరికాళ్ళు కొడుతూనే ఉన్నారు. ఆ కాళ్ళు చిటికెనవేలంత ఉన్నాయి.

బస్సు కిక్కిరిసి వచ్చింది. పచ్చి బాలింత అని తెలియగానే ముందు సీట్లో కూర్చున్న ఇద్దరు రైతులు లేచి చోటిచ్చారు. ఇంజను పక్క సీటు. బానెట్టు మీదనుంచి సెగ వస్తున్నది. "వేడిగా ఉంది, ఇదే మంచిది" అనుకుంది ఆదెమ్మ. బాలస్వామికి లోపల కాలు పెట్టే సందు దొరకలేదు. వెనక మెట్టు మీద వేలాడుతూ నిలబడ్డాడు.

బస్సు కదిలాక జయమణి అడిగింది, "నీది?"

బావి దగ్గర మాట తర్వాత ఆదెమ్మని ఆమె నేరుగా అడగటం అదే మొదలు.

"తీసుకుంటంది. నీది?"

"ఆగింది. ఆగిందక్కా."

"కొట్టు. గట్టిగా కొట్టు, భయపడకు."

"కొడతన్నా." కాసేపటికి, "వచ్చింది" అన్నది.

అలా మొదలైంది. "నీది?" "తీసుకుంటంది." "నీది?" "వచ్చింది." ఇద్దరికీ వేరే మాట లేదు. బస్సులో వాళ్ళు ముందు ఏవో సలహాలు చెప్పారు, తర్వాత చెప్పటం మానేసి వినటం మొదలుపెట్టారు. జయమణి కింద చీర తడుస్తున్నది. సీటంతా నెత్తురు. ఆమె చూసుకోలేదు. ఆదెమ్మ చూసింది, చెప్పలేదు.

చిల్లకల్లులో బస్సాగింది. టపా సంచి కోసమో దేనికోసమో కండక్టరు దిగిపోయాడు. అక్కడ ఆదెమ్మ పిల్ల ఊపిరి ఆపింది. అరికాలు కొట్టింది. రాలేదు. వీపు రుద్దింది. మొహం మీద ఊదింది. సన్నగా ఒక ఎక్కిలి వచ్చి ఊపిరి అందుకుంది. నాలుగు పీల్చి మళ్ళీ ఆగింది. ఈసారి పెదవుల నీలం మొహమంతా పాకింది. మళ్ళీ తెచ్చింది. కాని ప్రతిసారీ రావటానికి ముందుకంటే ఆలస్యమవుతున్నది. ఆ పిల్ల లోపల ఎవరో దీపం వత్తి కొంచెం కొంచెం కిందికి దించుతున్నట్టుంది.

చర్చిలో ఉపదేశి గారు చెప్పిన మాట ఆమెకు గుర్తుంది. ప్రాణం పోయేటట్టుంటే ఫాదరు గారు రానక్కర్లేదు, ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వొచ్చు. కిటికీ పక్క ముసలాయన చెంబు అడిగి పుచ్చుకుంది.

"దాహంగా ఉందా అక్కా?" అన్నది జయమణి, తన పిల్ల మీదనుంచి చూపు తిప్పకుండా.

"గొంతెండిపోయింది."

రెండు గుక్కలు నిజంగానే తాగింది. తర్వాత తడిచేతిని పైటలోపలికి పోనిచ్చి, నీళ్ళు ఆ పిల్ల మాడు మీద జారనిచ్చి, ఇంజను మోతలో తనకే వినబడనంత మెల్లగా, "తెరేజమ్మా, పిత పుత్ర పవిత్రాత్మ నామమున నీకు జ్ఞానస్నానం ఇస్తన్నా" అన్నది. ఆ పేరే ఎందుకు నోటికి వచ్చిందో ఆమెకు తెలియదు. పేరు లేకుండా పోకూడదని తప్ప మరో ఆలోచన లేదు.

చిల్లకల్లు దాటాక ఆ పిల్ల ఊపిరి ఆగింది. ఇక రాలేదు.

ఆదెమ్మ కొట్టింది. రుద్దింది. ఊదింది. చిటికెనవేలు నోట్లో పెట్టి నాలుకని కదిలించింది. తన గుండె కొట్టుకోవటం తప్ప అక్కడ మరో చప్పుడు లేదు. చాలాసేపు ఆ చప్పుడే పిల్లదనుకుంది. తర్వాత అనుకోలేకపోయింది.

"నీది?" అన్నది జయమణి.

నోరు తెరిచేదాకా ఏం చెప్పబోతున్నదో ఆదెమ్మకు తెలియదు.

"తీసుకుంటంది" అన్నది.

ఎందుకలా చెప్పింది? చెబితే జయమణి చేతులు చచ్చుబడతాయి, ఆ చేతుల్లో ఉన్నది కూడా పోతుంది. అది నిజమే. కాని మాటల్లేని తోటికోడలి ఒడిలో పిల్ల పోయిందని ఊరు ఏమంటుందో కూడా ఆ క్షణంలోనే ఆమె మనసులో మెదిలింది. రెండిట్లో ఏది ముందు మెదిలిందో తర్వాత ఎంత తవ్వుకున్నా ఆమెకు తేలలేదు. వేలు మాత్రం ఆపలేదు. కదలని అరికాలిని అలా కొడుతూనే ఉంది. ఆపితే జయమణి తిరిగి చూస్తుంది.

"నీది?"

"తీసుకుంటంది. నీ దాన్ని చూసుకో."

ఎండ వాలింది. రోడ్డు పక్క కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు ఎర్రగా వెనక్కి పోతున్నాయి. జయమణి తల వాలిపోతూ ఉలిక్కిపడి లేస్తున్నది. పెదాలు తెల్లబారాయి.

"అక్కా, నా వల్ల కావటం లేదు. చేతులు వణుకుతున్నయ్యి. ఇది మాటిమాటికీ ఆగతంది. నీది నెమ్మదిగా తీసుకుంటంది గదా. మార్చుకుందాం. దీన్ని నువ్వు చూడు, దాన్ని కాసేపు నాకియ్యి" అన్నది. అని, తన పైట లోపలికి చెయ్యి పెట్టి పెద్దదాన్ని తియ్యబోయింది.

ఆదెమ్మ తన పైట ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. ఇవ్వనంటే ఎందుకంటుంది. ఇస్తే తెలిసిపోతుంది.

"ఇదిప్పుడే వేడెక్కి నిద్రపోయింది. కదిలిస్తే మళ్ళీ మొదలు. రెండూ నా దగ్గరే ఉండనీ. నీకంటే నా ఒళ్ళు వేడిగా ఉంది. ఇటియ్యి దాన్ని."

జయమణి ఇచ్చింది. ఆదెమ్మ చిన్నదాన్ని ఎడమపక్కకి జరిపి పెద్దదాన్ని కుడిపక్కన పెట్టుకుంది. కుడిపక్కది మూలుగుతున్నది, గుంటలు పడే రొమ్ముతో పోట్లాడుతున్నది. ఎడమపక్కది ఆమె వేడికి ఇంకా గోరువెచ్చగానే ఉంది. ఒక చేత్తో బతికున్నదాన్ని లేపుతూ, రెండో చేతిని పైట మీద ఊరికే ఆడిస్తూ కూర్చుంది. జయమణి తల తెచ్చి ఆమె భుజం మీద పెట్టింది. తల దించి చూస్తే పైట సందులోంచి పిల్లలిద్దరూ కనబడే చోటు అది. జయమణి కళ్ళు మూసుకునే ఉంది.

నందిగామలో బస్సు ఆగీ ఆగకముందే బాలస్వామి దూకి రిక్షా తెచ్చాడు.

నర్సింగ్ హోము గుమ్మంలో ప్రసూనాంబ గారే ఎదురయ్యారు. పొట్టిగా, తెల్లచీరలో, చేతికి గడియారంతో ఉన్నారు. జయమణిని నర్సులు చక్రాల బల్ల మీదికి ఎక్కించి లోపలికి తోసుకుపోయారు. తలుపు మూసుకున్నాక గాని ఆదెమ్మ పైట తియ్యలేదు. డాక్టరమ్మ రెండు చేతులతో ఇద్దరినీ తీసుకున్నారు. ఒకదాన్ని తన ఎదురుగా ఉన్న నర్సుకి ఇచ్చి, "సిలిండరు, వేడినీళ్ళ సీసాలు" అన్నారు. రెండోదాన్ని ఇంకా పట్టుకునే ఉన్నారు.

"ఇది ఎప్పుడమ్మా?"

"చిల్లకల్లు దాటాక."

"తల్లికి తెలుసా?"

ఆదెమ్మ తల అడ్డంగా ఊపింది. పక్కనే ఉన్న బాలస్వామి ఆ మాటలు విన్నాడు. డాక్టరమ్మ చేతుల్లోంచి పిల్లను తీసుకుని, బడిలో పిల్లల పలక పట్టుకున్నట్టు రెండు చేతులతో జాగ్రత్తగా పట్టుకుని నిలబడిపోయాడు.

"చాలా నెత్తురు పోయింది ఆవిడకి. జ్వరం వచ్చేటట్టుంది. నేను చెప్పేదాకా చెప్పొద్దు" అన్నారు ప్రసూనాంబ గారు.

మర్నాడు పొద్దున్నే నందిగామలోనే ఉన్న క్రైస్తవుల సమాధుల దొడ్డిలో ఒక మూల పాతిపెట్టి వచ్చారు. మట్టి పూడ్చాక బాలస్వామి, "పేరన్నా పెట్టకపోతిమి వదినా" అన్నాడు. బస్సులో నీళ్ళు పోసి పెట్టిన పేరు ఆదెమ్మ చెప్పింది. అతను ఆ పేరుతో ప్రార్థన చేసి కండువాతో మొహం కప్పుకున్నాడు.

పెద్దదానికి మొహం దగ్గర రబ్బరు గొట్టానికి గరాటు తగిలించి ఆక్సిజను వదిలారు. సిలిండరు బుస్సుమంటూ ఉండేది. ఆ చప్పుడు కొంచెం తగ్గినా ఆదెమ్మ లేచి నిలబడేది. గాలి పెట్టినా పిల్ల మధ్యమధ్య ఊపిరి మరిచిపోతూనే ఉంది. నర్సు, ఆదెమ్మ, బాలస్వామి వంతులేసుకుని కాళ్ళ దగ్గర కూర్చున్నారు. సిలిండరు అయిపోవచ్చి, బెజవాడ నుంచి రావలసింది రాక, గాలి సన్నగా పెట్టినప్పుడు పిల్ల మళ్ళీ నీలమైంది. డాక్టరమ్మ దాన్ని తీసి ఆదెమ్మ చేతిలో పెట్టారు. "నిన్న ఎలా తెచ్చావో అలాగే పెట్టుకో. సీసాల కంటే నువ్వే నయం." ఆదెమ్మకు ఆ మాట విని సంతోషం కలగలేదు. అదే రొమ్ము మీద ఒకటి పోయింది. పిల్లను బోర్లా పెట్టుకుని పైట చుట్టుకుంది. సిలిండరు వచ్చేదాకా తల ఎత్తలేదు.

జయమణి జ్వరంతో కలవరించేది. తెలివొచ్చినప్పుడల్లా అడిగేది.

"ఇద్దరూ ఎట్లా ఉన్నారక్కా?"

"లోపల ఉన్నారు. గాలి పెట్టారు."

"పాలు తాగుతున్నారా?"

"దూదితో పిండుతున్నాం."

జయమణి నొప్పిని పంటిబిగువున ఓర్చుకుని గిన్నెలోకి పాలు పిండి ఇచ్చేది. చెరిసగం చెయ్యమనేది. చిన్నదానికి ఓ చుక్క ఎక్కువ పట్టమనేది. ఆదెమ్మ గిన్నె పుచ్చుకుని వసారాలోకి పోయి, కంట్లో నీళ్ళు గిన్నెలో పడకుండా పక్కకి తిరిగి నిలబడేది. అబద్ధం ఒకసారి చెప్పటం వేరు, రోజూ దానికి పాలు పొయ్యటం వేరు.

జ్వరం తగ్గిన రోజు మధ్యాహ్నం జయమణి ఎవరికీ చెప్పకుండా మంచం దిగి, గోడ పట్టుకుని పిల్లల గదికి నడిచింది. ఆదెమ్మ గరాటు పట్టుకుని కూర్చుని ఉంది. తొట్టి ఒకటే. పిల్ల ఒకటే.

జయమణి గది నాలుగు మూలలూ చూసింది.

"రెండోది?"

ఆదెమ్మ లేవలేదు. గరాటు వదిలితే పిల్లకి గాలి తప్పుతుంది.

"పోయిందమ్మాయ్."

"ఎప్పుడు?"

"బస్సులోనే."

లెక్క కడుతున్నట్టు జయమణి పెదవులు కదిలాయి. "నేను మార్చుకుందాం అన్నప్పుడు?"

"అప్పటికే."

"అప్పటికే" అన్నది జయమణి. "పోయినదాన్ని ఒళ్ళో పెట్టుకుని తీసుకుంటంది తీసుకుంటంది అన్నావు. నేను పాలు పిండి ఇచ్చా. ఎవరికి పోశావు నా పాలు? ఒకసారి ఎత్తుకోనన్నా ఎత్తుకోలేదు నేను దాన్ని. దాని మొహం ఎట్లా ఉందో నాకు తెలియదు. నా పిల్ల మొహం నీకు తెలుసు, నాకు తెలియదు."

గట్టిగా అనలేదు. గట్టిగా అన్నా బాగుండేది.

"లేచి పో" అన్నది.

"పోతా. ఈ గరాటు పట్టుకో ముందు."

జయమణి పట్టుకుంది. ఆదెమ్మ వసారాలో మెట్ల మీద కూర్చుంది. మధ్యాహ్నమంతా ఎవరూ పిలవలేదు. పొద్దు వాలేవేళ లోపల గిన్నె కిందపడిన చప్పుడైంది. జయమణి గొంతు వినబడింది. "అక్కా, ఆగింది. రావటం లేదక్కా."

ఆదెమ్మ ఎలా లోపలికి వెళ్ళిందో ఆమెకు తెలియదు. జయమణి కాళ్ళు కొడుతూ ఉంటే తను వీపు రుద్దింది, పిల్లను బోర్లా తిప్పింది, ముక్కులో ఇరుక్కున్న పాలచుక్కని నోటితో పీల్చి ఊసింది. పిల్ల ఒళ్ళు ఝల్లుమని వణికి, తుమ్మి, ఏడ్చింది. పుట్టినప్పటినుంచీ అంత గట్టిగా ఎప్పుడూ ఏడవలేదు. ఇద్దరూ నేలమీద కూలబడి ఆ ఏడుపు విన్నారు. పొమ్మన్న మాట ఎవరూ ఎత్తలేదు. అట్లాగని రమ్మన్న మాటా రాలేదు. ఆ తర్వాత కూడా జయమణి, గాలి సంగతి పాల సంగతి తప్ప ఆదెమ్మతో మాట్లాడలేదు.

పిల్ల బతికింది. ఊపిరి మరవటం తగ్గింది, తర్వాత మానింది. గరాటు తీసేసిన రోజున ప్రసూనాంబ గారు తనే ఎత్తుకుని కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురులో గోళ్ళు చూశారు. గులాబిరంగులో ఉన్నాయి. ఇంటికి పంపేముందు, చలికాలం జాగ్రత్త అని మాత్రం చెప్పారు. ఆగ్నేసమ్మ అని జయమణి పేరు పెట్టుకుంది.

బయల్దేరే రోజున జయమణి, "అది ఎక్కడుందో చూపించు" అన్నది.

సమాధుల దొడ్డి మూల చిన్న దిబ్బ. గడ్డి మొలుస్తున్నది. బాలస్వామి గుచ్చిన వెదురు శిలువ ఒరిగిపోతే ఆదెమ్మ వంగి సరిచేసింది. జయమణి పిల్లతో నిలబడింది.

"నీళ్ళు పోశావంటగా. ఆయన చెప్పారు. ఏం పేరు పెట్టావు?"

"తెరేజమ్మ."

"బోర్డింగులో నన్ను మోకాళ్ళ మీద నిలబెట్టిన సిస్టరు పేరు అది. నేనైతే ఆ పేరు పెట్టేదాన్ని కాదు."

"నాకు తెలియదు."

"తెలియదు గదా" అన్నది జయమణి. దిబ్బ వైపే చూస్తూ మళ్ళీ అన్నది. "నీ భుజమ్మీద తల పెట్టాను చూడు. చూద్దామనే పెట్టా. నీ వేలు ఆడుతోంది గాని దాని కాలు ఆడటం లేదనిపించింది. కళ్ళు తెరిస్తే తెలిసిపోతదని తెరవలేదు. అంత మంచి అబద్ధం చెప్తన్నావు, ఇంకాసేపు చెప్పనీ అనుకున్నా. తర్వాత నిన్నే తిట్టా."

"దాని మొహం దీని మొహమే. చుబుకం దగ్గర మాత్రం చిన్న సొట్ట ఉండేది" అన్నది ఆదెమ్మ.

"ఎటుపక్క?"

"ఎడమపక్క."

జయమణి పిల్ల చుబుకం మీద ఎడమపక్క వేలు పెట్టి నొక్కి చూసుకుంది. అప్పుడు ఏడ్చింది. ఆదెమ్మ ఆమె చేతిలోంచి పిల్లను తీసుకుని, ఆమె ఏడ్చి తేరుకునేదాకా గట్టు మీద కూర్చుంది.

ఇంటికి చేరాక పొయ్యిలు రెండూ వేరువేరుగానే రాజుకున్నాయి. ఆ బస్సు సంగతి వాళ్ళిద్దరూ మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. ఆగ్నేసమ్మ సన్నగా, గడుసుగా పెరిగింది. బడికి పోయే ఈడు దాటేదాకా చలి ముదిరితే చాలు పిల్ల గొంతులో పిల్లికూతలు మొదలయ్యేవి. అప్పుడు బాలస్వామి మందు కోసం పేటకు సైకిలు తీసేవాడు. ఈలోగా జయమణి వాము పొట్లం కాచి రొమ్ముకి పెడితే, ఆదెమ్మ పిల్లను తన కాళ్ళ మీద కూర్చోబెట్టుకుని వీపు నిమురుతూ ఉండేది.

"పెద్దమ్మా, ఊపిరాడట్లేదు" అనేది పిల్ల.

"ఆడతది. నేను తీసినట్టు తియ్యి" అనేది ఆదెమ్మ. మెల్లగా పీల్చి, మెల్లగా వదిలేది. పిల్ల ఆమె మొహం చూస్తూ అలాగే పీల్చి వదిలేది. పక్కన పొట్లం చల్లారకుండా పట్టుకుని కూర్చున్న జయమణి కూడా, తనకు తెలియకుండానే, వాళ్ళతోపాటు పీల్చి వదిలేది.